పాత యుద్ధనౌక అసలు రంగు ఏది? ఒక్క గ్రేలో ఇన్ని చిక్కులు

మా మేనల్లుడు శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు విజయనగరం మా ఇంటికి వచ్చినప్పుడల్లా చంకలో ఒక అట్టపెట్టె ఉంటుంది. దాంట్లో ప్లాస్టిక్ షీటు ముక్కలు, బ్లేడు, జిగురు, సగం తయారైన ఓడ బొమ్మ. ఈసారి ఓడ ఐఎన్ఎస్ రాజ్‌పుత్. 1971 డిసెంబరులో విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన రాత్రి అక్కడున్న డిస్ట్రాయర్ అది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. పాకిస్తాన్ చెప్పే కారణం వేరు. ఆ వాదన ఇక్కడ వద్దు గానీ, బొమ్మ సంగతి చెబుతాను. అసలు ఓడ దాదాపు 109 మీటర్లు. వీడు 350లో ఒక వంతు స్కేలులో చేస్తున్నాడు కాబట్టి బొమ్మ 31 సెంటీమీటర్లు. బడిపిల్లల స్కేలు కన్నా పిసరు పొడుగు.

రంగు వేసే దగ్గర ఆగిపోయాడు. ఫోన్‌లో మూడు ఫోటోలు చూపించాడు. మూడూ ఒకే పాత నలుపు తెలుపు ఫోటోకి రంగులద్దినవి. ఒకదాంట్లో ఓడ నీలి ఛాయలో ఉంది, ఇంకోదాంట్లో ఆకుపచ్చ తిరిగిన బూడిద రంగులో, మూడోదాంట్లో అచ్చం సిమెంటు రంగులో.

"మావయ్యా, ఇందులో ఏది నిజం?"

"ఏదీ కాదు" అన్నాను. వాడి మొహం మాడిపోయింది.

ఈమధ్య వాట్సాప్‌లో ఇలా ఏఐ యాప్‌లతో రంగులద్దిన పాత ఫోటోలు తెగ తిరుగుతున్నాయి. వాటిని చూసి పాత ఓడ రంగు తెలిసిపోయిందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏఐ చేసే పని వేరు. అది అంతకుముందు చూసిన లక్షల రంగు ఫోటోలను బట్టి "ఇలాంటి చోట మామూలుగా ఇలాంటి రంగుంటుంది" అని ఊహించి పూస్తుంది. నలుపు తెలుపు ఫోటోలో రంగు సమాచారం లేదు, ఎంత వెలుతురు పడిందో అంతే ఉంది. లేనిదాన్ని బయటికి తీయడం ఎవరి వల్లా కాదు. మూడు యాప్‌లు మూడు రంగులు ఇవ్వడం చూస్తేనే అది తెలుస్తుంది. మరి ఓడ బొమ్మలు చేసేవాళ్లు దేన్ని నమ్ముతారు? దేని మీద ఏళ్ల తరబడి కొట్టుకుంటారు?

ముందు తేదీ, తర్వాతే రంగు

"రాజ్‌పుత్ రంగు ఏమిటి" అని అడిగితే జవాబు రాదు. ఎందుకంటే ఆ ఓడ స్కాట్లండ్‌లోని క్లైడ్ నది ఒడ్డున జాన్ బ్రౌన్ యార్డులో పుట్టింది. 1942లో హెచ్ఎంఎస్ రోథర్‌హామ్ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. యుద్ధకాలంలో హిందూ మహాసముద్రంలో ఈస్టర్న్ ఫ్లీట్‌తో తిరిగింది. 1949లో మనకొచ్చి రాజ్‌పుత్ అయింది. 1976లో విరగ్గొట్టారు. ఒక్క ఇనుప ఒళ్లు, రెండు జెండాలు, ముప్ఫై మూడు నాలుగేళ్ల బతుకు. అన్నేళ్లలో ఎన్నిసార్లు గీకి మళ్లీ పూసుంటారో ఊహించుకోండి. సముద్రం మీద పెయింటు ఎక్కువకాలం నిలవదు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున లాగి పెట్టిన పడవల అంచుల్లో పెచ్చులూడిన చోట చూడండి. పసుపు కింద నీలం, నీలం కింద ఎరుపు, పొరలు పొరలుగా కనబడతాయి.

తేదీ ఎంత ముఖ్యమో చెప్పడానికి జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను మించిన ఉదాహరణ లేదు. 1941 మేలో అది బాల్టిక్ నుంచి బయల్దేరినప్పుడు పక్కల మీద నలుపు తెలుపు చారలున్నాయి. మే 21న నార్వేలోని ఒక ఫియర్డ్‌లో, అంటే కొండల మధ్య ఇరుకైన సముద్రపు పాయలో, ఆగినప్పుడు వాటి మీద గ్రే పూసేశారు. మే 24న బ్రిటిష్ నౌక హుడ్‌ను ముంచింది. మే 27న తానే మునిగింది. అంటే చారలతో ఉన్న బిస్మార్క్ బొమ్మ తప్పు కాదు, కానీ ఆ చారలతోనే హుడ్‌తో పోరాడుతున్నట్టు పెడితే తప్పు. వారం లోపల జరిగిన మార్పు ఇది. ఆ పది రోజుల్లో ఫిరంగి టరెట్ల పైకప్పులకు ఏ రంగుందన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎరుపన్నవాళ్లు, పసుపన్నవాళ్లు, ఇద్దరూ తమ తమ ఫోటోలు చూపిస్తారు.

మావాడు తన తేదీ ఎంచుకున్నాడు: 1971 డిసెంబరు. సగం పని అయినట్టే. మిగతా సగమే కష్టం.

పెయింటు పేరు అంటే వంటకం పేరు లాంటిది

రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ఓడల గురించి చదివితే ముందుగా తగిలేది 507 అనే అంకె. అడ్మిరాల్టీ అంటే బ్రిటిష్ నౌకాదళ ప్రధాన కార్యాలయం. అడ్మిరాల్టీ ప్యాటర్న్ 507ఏ అంటే ముదురు గ్రే, బ్రిటన్ చుట్టుపక్కల తిరిగే హోమ్ ఫ్లీట్ ఓడలకు. 507సి అంటే లేత గ్రే, ఎండ ఎక్కువుండే మధ్యధరా, తూర్పు సముద్రాలకు. ఈ రెండింటి మధ్య 507బి. పేరు వినగానే డబ్బా మీద ఒకే రంగు ఉంటుందనుకుంటాం. నిజానికి అది కొనుగోలు పట్టికలో ఒక అంకె. ఏ రంగు పొడి, ఏ నూనె, ఎంత పాళ్లు అన్నదానికి పెట్టిన పేరు. పులుసు అని ఒకే పేరున్నా మీ ఇంట్లో పులుసు, మా ఇంట్లో పులుసు ఒకే రంగులో ఉండవు కదా.

507బి దగ్గరే ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద గొడవ ఉంది. ఏ, బి, సి అని వరసగా ఉన్నాయి కాబట్టి ముదురు, మధ్యరకం, లేత అని చాలాకాలం అందరూ అనుకున్నారు. పుస్తకాల్లో అలాగే అచ్చయింది, రంగుల కంపెనీలు మధ్యరకం గ్రే అంటూ సీసాలు కూడా అమ్మాయి. ఈమధ్య కొందరు పరిశోధకులు పాత అడ్మిరాల్టీ కాగితాలు మళ్లీ తిరగేసి, ఏ, బి రెండూ ఒకే ఛాయ, తేడా అందులో కలిపే పదార్థంలోనే, బి కాస్త మెరుపుగా గట్టిగా ఆరేది అంటున్నారు. పాత వాదం వాళ్లు ఒప్పుకోరు. ఫోటోల్లో మధ్యరకం ఛాయ ఓడలు కనబడుతున్నాయి కదా, అదెక్కణ్నుంచి వచ్చింది అని అడుగుతారు. దానికి కొత్త వాదం జవాబు: ఏ, సి కలిపితే మధ్యరకం రాదా? నాకు కొత్త వాదమే గట్టిగా అనిపిస్తుంది, కాగితాల మీద నిలబడింది కాబట్టి. కానీ ఆ ఫోటోల ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

అమెరికా వాళ్ల పద్ధతి మనకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇంటికి పెయింట్ కొనడానికి హార్డ్‌వేర్ షాపుకు వెళితే ఏం చేస్తారు? తెల్ల బేస్ డబ్బా మూత తీసి, మెషిన్ కింద పెట్టి, షేడ్ కార్డులో నంబరు కొట్టి, చుక్కలు చుక్కలుగా స్టెయినర్ పోసి, డబ్బాను గడగడలాడిస్తారు. 1941 చివర్లో అమెరికా నౌకాదళం కూడా దాదాపు ఇదే పనిలోకి దిగింది. ఒకే తెల్ల బేస్, ఒకే ఊదా నీలం పేస్టు. పేస్టు ఎక్కువ కలిపితే ముదురు నేవీ బ్లూ 5-ఎన్, తగ్గిస్తే ఓషన్ గ్రే 5-ఓ, ఇంకా తగ్గిస్తే హేజ్ గ్రే 5-హెచ్. అందుకే ఆ కాలపు అమెరికా ఓడల గ్రే అంతా లోపల్లోపల నీలం తిరిగి ఉంటుంది. వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు వేస్తే గోడ రంగు ఎలా మారిపోతుందో చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

పేర్లలో నాకు నచ్చింది మాత్రం 1943 నుంచి బ్రిటిష్ వాళ్లు తెచ్చిన కొత్త వరస. బి30, జి45, బి15, జి10 ఇలా ఉంటాయి. అక్షరం ఛాయ చెబుతుంది: జి అంటే ఆకుపచ్చ వైపు మొగ్గిన గ్రే, బి అంటే నీలం వైపు. అంకె ఆ పెయింటు తన మీద పడ్డ వెలుతురులో నూటికి సుమారు ఎంత వెనక్కి పంపుతుందో చెబుతుంది. బి30 అంటే 30 శాతం. ఇక్కడ మన కన్ను ఒక మోసం చేస్తుంది. 30 శాతం అనగానే బాగా ముదురనుకుంటాం. కంటికి నలుపు, తెలుపు మధ్యలో సరిగ్గా సగం అనిపించేది 50 శాతం కాదు, సుమారు 18 శాతమే. అందుచేత బి30 చూపుకి సగం కన్నా లేతగానే ఉంటుంది.

నాయనమ్మ పెళ్లి ఫోటోలో నల్ల బొట్టు

పాత ఫోటోల దగ్గర మనల్ని బోల్తా కొట్టించే సంగతి ఇంకోటుంది. మా నాయనమ్మ పెళ్లి ఫోటోలో బొట్టు, పెదాలు, పట్టుచీర అంచు అన్నీ నల్లగా ఉంటాయి. చీర ఎరుపంచు అని, పెట్టింది కుంకుమేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజుల్లో వాడిన ఒక రకం ఫిల్ముకి ఎరుపు కనబడదు. దాన్ని ఆర్థోక్రొమాటిక్ అంటారు. ఎరుపు దానికి చీకటే. నీలమేమో ఉన్నదానికన్నా లేతగా, ఒక్కోసారి తెల్లగా పడుతుంది. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము ఎరుపును కూడా పట్టుకుంటుంది.

దీన్ని ఓడకు అన్వయించి చూడండి. ఓడ నీటి గీత దగ్గర నల్ల పట్టీ ఉంటుంది. దాని కింద నాచు, గుల్లలు పట్టకుండా పూసే పెయింటు చాలా ఓడలకు ఎర్రగా ఉంటుంది. ఆర్థో ఫిల్ములో రెండూ నలుపే. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పలేం. మరో ఉదాహరణ. అట్లాంటిక్‌లో కాన్వాయ్‌లకు కాపలా కాసిన చిన్న ఓడలకు 1940 నుంచి తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ పూసే పద్ధతి మొదలైంది. చిత్రకారుడు, పక్షుల మీద ప్రేమున్న నౌకాధికారి పీటర్ స్కాట్ ముందుగా తన డిస్ట్రాయర్ బ్రోక్ మీద వేయించి చూశాడు. ఆ నీలం ఆర్థో ఫిల్ములో తెలుపులో కలిసిపోతుంది. ఫోటో చూసి "ఓడంతా తెలుపే" అని రాసేస్తే తప్పు ఫోటోది కాదు.

ఇక మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటన్ సంగతి. ఆయన అప్పట్లో డిస్ట్రాయర్ల అధికారి. 1940లో సంధ్యవేళ ఒక కాన్వాయ్‌లో మిగతా ఓడలన్నీ కనబడుతుండగా ఊదా బూడిద రంగు ప్రయాణికుల ఓడ ఒకటి ముందుగా మాయమవడం చూసి, మామూలు గ్రేలో ఎరుపు కలిపి తన ఓడలకు పూయించాడు. దాన్ని మౌంట్‌బాటన్ పింక్ అంటారు. ఆ పింక్ ఓడ నలుపు తెలుపు ఫోటోలో ఏ రంగులో ఉంటుంది? మామూలు గ్రే. కాగితం మీద ఎవరూ రాసి పెట్టకపోతే ఆ రంగు ఉండేదన్న సంగతే మనకు తెలిసేది కాదు.

అలాగని నలుపు తెలుపు ఫోటో పనికిరానిదేం కాదు. రంగు చెప్పకపోయినా ముదురెంత, లేతెంత అన్నది కొంతవరకు చెబుతుంది. మావాడి ఫోటోతోనే లెక్క చూద్దాం. నావికుడి తెల్లటోపీ మీద పిక్సెల్ విలువ (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) 220, అదే ఎండలో ఉన్న ఓడ పక్క మీద 130 ఉంది. 130ని 220తో భాగిస్తే 0.59. వెంటనే "59 శాతం, చాలా లేత గ్రే" అనేస్తారు చాలామంది. అక్కడే పప్పులో కాలేస్తారు. ఫోన్ తెర మీది విలువ, అసలు వెలుతురు ఒకే దామాషాలో నడవవు. 0.59ని 2.2 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 0.31 వస్తుంది. టోపీ గుడ్డ నూటికి 80 వంతుల వెలుతురు వెనక్కి పంపుతుందనుకుంటే, ఓడ పంపేది 25 శాతం. 59 ఎక్కడ, 25 ఎక్కడ! మొదటి లెక్క పట్టుకుంటే దాదాపు తెల్ల ఓడ తయారవుతుంది.

ఈ 25 కూడా వేదవాక్కు కాదు. టోపీ తెలుపు ఎంత తెలుపు? పొందూరు ఖద్దరు పక్కన మిల్లు పంచె పెడితే రెండు తెలుపుల మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. ఫిల్ము ఏమిటి, ప్రింటు ఎలా కడిగారు, స్కాన్ చేసినవాడు వెలుతురు ఎంత పెంచాడు, ఇవన్నీ లెక్కను అటూ ఇటూ లాగుతాయి. కాకపోతే "45 కాదు, 10 కాదు, 20కీ 30కీ మధ్య ఎక్కడో ఉంది" అనగలిగాం. అది తక్కువేం కాదు.

గ్రే అంటే ఒకటా? జపాన్ వాళ్ల నాలుగు

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చాయి. ఉత్తరాంధ్ర పెద్దవాళ్ల కబుర్లలో ఆ రోజు ఇప్పటికీ ఉంటుంది. మావాడి జాబితాలో తర్వాతి బొమ్మ అదే. దానికీ ఇదే పేచీ. కురే, సాసెబో, యొకొసుకా, మైజురు అనే నాలుగు నౌకా కర్మాగారాలు ఎవరి గ్రే వాళ్లే తయారుచేసుకునేవి. ఒకరిది కాస్త ముదురు, ఒకరిది కాస్త లేత. బొమ్మల కిట్లు, రంగులు అమ్మే తమియా కంపెనీ ఈ నాలుగు ఊళ్ల పేర్లతో నాలుగు వేరు వేరు గ్రే సీసాలు అమ్ముతుంది. ఏ సీసా వాడాలో తెలియాలంటే ఓడ పుట్టిన ఊరు తెలిస్తే చాలదు, ఆఖరిసారి మరమ్మతుకు ఏ యార్డుకెళ్లిందో తెలియాలి. జపాన్ "అసలు గ్రే" ఏది అన్న ప్రశ్నకు అందుకే ఒకే జవాబు లేదు.

చూసినవాళ్లను అడిగితే?

ఇది అన్నిటికన్నా సులువనిపిస్తుంది. మన జిల్లాల నుంచి సైన్యంలో, నేవీలో చేరినవాళ్లు తక్కువేం కాదు. శ్రీకాకుళంలో మావాడికి తెలిసిన ఒక పెద్దాయన ఆ రోజుల్లో నేవీలో పనిచేశారు. వీడు సీసాలు పట్టుకుని వెళ్లి అడిగాడు. ఆయన జవాబు: "గ్రే బాబూ, గ్రే. మేమే పూసేవాళ్లం. ఏ గ్రే అంటే ఏటి చెప్తాను, స్టోరులో ఏది ఇస్తే అదే."

వాడు నిరాశపడ్డాడు గానీ నాకు మాత్రం ఆ ఒక్క మాట పది పుస్తకాల పెట్టు. ఉత్తర్వు ఒకటుంటుంది, స్టోరులో సరుకు ఒకటుంటుంది. ఉత్తర్వులు చదివితే ఓడ ఎలా ఉండాలో తెలుస్తుంది, ఎలా ఉందో తెలియదు. యుద్ధకాలంలో కొత్త రంగు పూయమని ఆదేశం వచ్చేసరికి పాత డబ్బాలు మిగిలే ఉంటాయి. వాటిని పారబోస్తారా?

జ్ఞాపకాలతో ఇంకో ఇబ్బంది మాటలది. పెర్ల్ హార్బర్‌లో మునిగిన అమెరికా యుద్ధనౌక అరిజోనా ముదురు గ్రేలో ఉందా, నీలి రంగులో ఉందా అని బొమ్మలు చేసేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ముదురు గ్రే మీద సాయంత్రపు ఆకాశం పడితే నీలమనిపించదా? నీలం తిరిగిన గ్రేని ఒకడు గ్రే అంటాడు, పక్కవాడు నీలమంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మన భాషలో అయితే ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. "పచ్చ" అంటే పసుపా, ఆకుపచ్చా? పచ్చని పంట చేలు ఆకుపచ్చ, పచ్చని పసిమి ఛాయ పసుపు. ఎర్రావు రంగు నిజానికి గోధుమ. "నల్లగా ఉంది" అంటే నలుపూ కావచ్చు, ముదురు రంగు ఏదైనా కావచ్చు. "మా పడవ పచ్చగా ఉండేది" అని ఒక తాత చెబితే, దాన్ని బట్టి సీసా కొనగలరా?

మ్యూజియంలో ఉన్న ఓడ సాక్ష్యమేనా

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని చూడని ఉత్తరాంధ్ర పిల్లలు అరుదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దగ్గరికెళ్లి ఫోటో తీసుకుంటే రంగు దొరికేసినట్టే అనిపిస్తుంది. కానీ సముద్రపు గాలికి నిలబడాలంటే ఎప్పటికప్పుడు పెయింట్ వేస్తూనే ఉండాలి. కంటికి కనబడే పై పొర ఈమధ్యది. అది నౌకాదళంలో పనిచేసిన రోజుల పెయింటు కానక్కర్లేదు. లండన్‌లో థేమ్స్ నది మీదున్న క్రూయిజర్ హెచ్ఎంఎస్ బెల్‌ఫాస్ట్ కూడా యుద్ధకాలపు కామొఫ్లాజ్ నమూనాలో కనబడుతుంది, అదీ తర్వాత పూసిందే.

మరి పై పొర గీకి కింది పొర చూస్తే? అది మంచి సాక్ష్యమే, కానీ అదీ మారిపోతుంది. అప్పటి పెయింట్లలో అవిసె నూనె ఉండేది. ఆ నూనె వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. పై పొరల కింద ఏళ్ల తరబడి చీకట్లో ఉన్న నీలి గ్రే బయటికొచ్చేసరికి ఆకుపచ్చగా కనబడొచ్చు. ఎండలో ఉన్న పెయింటు కథ దీనికి తిరగేసినట్టు. వెల్ల గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటుకునే పొడి లాంటిది పైన లేచి, రంగు తెల్లబడుతుంది. మూడు నెలలు సముద్రం మీదున్న ఓడ, నిన్న పూసిన ఓడ, రెండూ 507సి అయినా, పక్కపక్కన పెడితే ఒకేలా ఉండవు.

ఎండలో చూసుకోండమ్మా

గంటస్తంభం దగ్గర మ్యాచింగ్ సెంటర్లో ఎప్పుడు చూసినా ఒకటే దృశ్యం. ట్యూబులైటు కింద జాకెట్టు ముక్క చీరకు అతికినట్టు సరిపోతుంది. కొట్టాయన తనే అంటాడు, "ఒకసారి బయట ఎండలో చూసుకోండమ్మా" అని. గుమ్మం దాటగానే రెండూ వేరు. లోపల ఒకటిగా, బయట రెండుగా ఎందుకు కనిపిస్తాయి? రెండు గుడ్డల్లో రంగు వేరే అద్దకాలతో వచ్చింది. ఒక వెలుతురులో రెండూ కంటికి ఒకే ఫలితం ఇచ్చాయి, వెలుతురు మారగానే దారులు వేరయ్యాయి. శాస్త్రంలో దీన్ని మెటామెరిజం అంటారు. మా అక్కకు ఆ మాట తెలియదు గానీ విషయం నాకన్నా బాగా తెలుసు.

ఓడ గ్రేకీ ఇదే వర్తిస్తుంది. తెలుపులో నలుపు కలిపి గ్రే చేయొచ్చు, నీలం, కాస్త గోధుమ కలిపీ చేయొచ్చు. మధ్యాహ్నం వాకిట్లో రెండూ ఒకటే. రాత్రి పసుపు బల్బు కింద ఒకటి వెచ్చగా, ఇంకోటి మసగ్గా. పాత రంగు చీటీతో సరిపోల్చి సీసా తయారుచేశామని కంపెనీ అంటే, ఏ వెలుతురులో సరిపోల్చారు అన్నది అడగాల్సిన ప్రశ్నే.

దూరపు కొండలు నునుపే కాదు, నీలం కూడా

పత్రం, ఫోటో, పెయింటు పెచ్చు అన్నీ కుదిరి, 1945 నాటి బ్రిటిష్ ఓడకు లేత జి45, పక్కల మీద నీలి పట్టీ బి20 అని తేలిందనుకుందాం. అచ్చం అదే రంగు బొమ్మకు పూస్తే సరిపోతుందా? ఇక్కడ బొమ్మలు చేసేవాళ్లు రెండు జట్లు.

మొదటి జట్టు మాట: మందస వైపు నుంచి మహేంద్రగిరిని చూడండి. దగ్గరికెళితే ఆకుపచ్చ చెట్లు, ఎర్రమట్టి. దూరం నుంచి లేత నీలం. మధ్యలో ఉన్న గాలి రంగును పలచన చేస్తుంది. 350లో ఒక వంతు బొమ్మను అర మీటరు దూరం నుంచి చూడటమంటే అసలు ఓడను 175 మీటర్ల నుంచి చూడటం. 700లో ఒక వంతు బొమ్మయితే 350 మీటర్లు. కాబట్టి రంగులో కొంచెం తెలుపు కలిపి లేత చేయాలి. దీన్ని స్కేల్ ఎఫెక్ట్ అంటారు.

రెండో జట్టు మాట: మహేంద్రగిరి కిలోమీటర్ల దూరంలో ఉంది. 175 మీటర్లలో గాలి చేసే మార్పు ఎంత? కళింగపట్నం ఒడ్డున నిలబడి ఆ దూరంలో ఉన్న పడవను చూడండి, ఎరుపు ఎరుపులాగే ఉంటుంది. ఏళ్ల తరబడి పత్రాలు తవ్వి రంగు పట్టుకుని, చివర్లో అందాజాగా తెలుపు పోస్తే ఆ తవ్వకమంతా ఎందుకు?

గాలి లెక్క వరకు రెండో జట్టుదే న్యాయం. కానీ మొదటి జట్టు కంటికి కనబడేది కూడా భ్రమ కాదు. బొమ్మను మనం గదిలో చూస్తాం. గదిలో వెలుతురు బయటి ఎండలో వందో వంతు కూడా ఉండకపోవచ్చు. అసలు ఓడ ఎండలో మెరిసింది, అదే పెయింటు బొమ్మ మీద అల్మారాలో మసకబారుతుంది. లేత చేయడానికి ఇదీ ఒక కారణమే, దానికి గాలితో పనిలేదు. ఎంత లేత చేయాలన్నదానికి మాత్రం ఎవరి కొలత వాళ్లది. అంతకన్నా ముఖ్యం అనిపించేది ఇంకోటుంది. జి45, బి20 రెండింటి మధ్య తేడా. రెండింటినీ ఒకే పాళ్లలో లేత చేస్తే ఓడ ఓడలాగే ఉంటుంది. ఒకదాన్ని సరిగ్గా పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే, సీసా మీద అంకె ఎంత నికార్సైనదైనా బొమ్మ తేడాగా కనబడుతుంది.

మావాడి సంగతి. తేదీ 1971 డిసెంబరు. ఫోటో లెక్కలో సుమారు 25 శాతం. పెద్దాయన "గ్రే" అన్నారు, నీలమనలేదు. రెండు సీసా మూతల మీద రెండు గ్రేలు పూసి, ఎండలో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూసుకున్నాడు. ఇంకా ఏదీ ఖాయం చేయలేదు. నీటి గీత కింద ఎరుపా, ఏ ఎరుపు అని నేను అడిగితే నవ్వాడు. బొమ్మ తిరగేసి చూపించాడు. అడుగు చదునుగా ఉంది. నీటి గీత దగ్గరే కోసేశాడు.